బీఆర్‌జెడ్‌కి ట్రాక్ సస్పెన్షన్: కాయిలోవర్ల కంటే ముందు క్యాంబర్ సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 2017 సుబారు బీఆర్‌జెడ్. ఉత్తర కాలిఫోర్నియాలోని థండర్‌హిల్ ట్రాక్‌కి మూడుసార్లు తీసుకెళ్లారు. పొడుగాటి మలుపుల్లో స్టీరింగ్ ఎంత తిప్పినా కారు ముక్కు బయటికే పోతోంది. కుడి ముందు టైరు బయటి అంచు నున్నగా అరిగిపోయింది. చేతిలో 2,000 డాలర్లున్నాయి. కాయిలోవర్లు, అంటే ఎత్తు మార్చుకోగల స్ప్రింగు-షాకబ్జర్ జతలు, కొని కారును రెండు అంగుళాలు దించితే ఇది కుదురుతుందా, ఏ బ్రాండు మంచిది?

ప్రస్తుతానికి ఏ బ్రాండూ కొనకండి. మీరు చెప్పిన లక్షణాలు రెండూ ముందు చక్రాల క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలే వాలు, చాలక వచ్చేవి. దానికి మందు వంద డాలర్ల లోపే దొరుకుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు అనుకుంటున్నదే నేను చేశాను కాబట్టి. నాది 2013 మోడల్ సయాన్ ఎఫ్ఆర్-ఎస్, పేరు వేరైనా మీ కారుకి కవల. 2016లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. రెండు ట్రాక్ డేలు అవ్వగానే తక్కువ ధరలో వచ్చిన కాయిలోవర్లు తెప్పించి, స్నేహితుడితో కలిసి శనివారమంతా గ్యారేజీలో కూర్చుని బిగించి, కారును రెండు అంగుళాలు దించాను. చూడ్డానికి ఎంత బావుందో! తర్వాతి నెల థండర్‌హిల్‌కి వెళ్తే ల్యాప్ టైము మాత్రం పాతదే, 2 నిమిషాల 21 సెకన్లు.

టైము తగ్గకపోవడం చిన్న విషయం. మధ్యాహ్నం సెషన్లో ఐదో మలుపు దగ్గర, అదే సైక్లోన్ అంటారు కదా, గుట్ట మీదికెక్కి అవతల ఏమీ కనపడని చోట తిప్పి ఒక్కసారిగా కిందికి దిగే మలుపు, అక్కడ దిగువన బరువంతా వచ్చి వెనక చక్రాల మీద పడింది. కారు అప్పటికే రెండంగుళాలు కిందికి ఉంది, స్ప్రింగు ఇంకా కుదించుకోవడానికి చోటు లేదు. షాకబ్జర్ పోయి బంప్‌స్టాప్ రబ్బరు మీద కూర్చుంది. అలా కూర్చున్న క్షణంలో ఆ మూలన స్ప్రింగు లేనట్టే, రాయి ఉన్నట్టే. వెనక టైర్లు పట్టు వదిలేశాయి. కారు బొంగరంలా తిరిగి మట్టిలోకి పోయింది. కారుకీ నాకూ ఏమీ కాలేదు, కానీ నా చేతుల వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రం పిట్‌లో కూర్చుని ముందు టైరు మీద అరచెయ్యి రాసి చూశాను. ఇది నాకు ఇంటి దగ్గర అబ్బిన అలవాటు. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారు లారీల పని చేసేవారు. టైరు మీద అడ్డంగా ఒకసారి చెయ్యి పోనిచ్చి, అటు నుంచి ఇటు రాస్తే నున్నగా, ఇటు నుంచి అటు రాస్తే గరుగ్గా తగిలితే టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పిందనేవారు. ఒక పక్కే నున్నగా అయితే చక్రం వాలు తప్పిందనేవారు. మిషను మీదికి ఎక్కించకముందే సంగతి తేలిపోయేది. నా టైరు బయటి అంచు అద్దంలా ఉంది. లోపలి అంచున కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. అంటే టైరు వెడల్పులో దాదాపు సగం మలుపుల్లో రోడ్డును తాకనే లేదు. ఉన్న టైరు మొత్తాన్ని వాడుకోలేనివాణ్ని, డబ్బంతా స్ప్రింగుల మీద పోశాను.

మీ కారుకి ముందు మాక్‌ఫెర్సన్ స్ట్రట్ (కింద ఒక ఆర్మ్, పైన నిలువుగా షాకబ్జరే చక్రాన్ని పట్టుకునే అమరిక), వెనక డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా ఆర్ములు పట్టుకునే అమరిక). అసలు కథంతా ఇక్కడే ఉంది. ఎడమ మలుపులో బాడీ కుడివైపు ఒరుగుతుంది. దానితోపాటు కుడి చక్రం కూడా బయటికి వాలబోతుంది. వెనకున్న డబుల్ విష్‌బోన్ అణిగే కొద్దీ చక్రం పైభాగాన్ని లోపలికి లాగి ఆ ఒరుగుడును చాలావరకు సర్దుతుంది. ముందున్న స్ట్రట్‌కి ఆ సత్తా తక్కువ. పైగా ఫ్యాక్టరీ నుంచి ముందు క్యాంబర్ సున్నాకి దగ్గరగా వస్తుంది. రోడ్డు మీద మామూలుగా నడిపేవాళ్లకి కారు తోక విసరకుండా ముక్కే ముందు జారడం క్షేమం కాబట్టి కంపెనీలు అలా పెడతాయి. ట్రాక్ మీద అదే ఫలితం మీకు ఎదురైంది: వెనక టైరు పరుచుకుని పట్టుకుంటోంది, ముందు టైరు అంచు మీద నడుస్తోంది. థండర్‌హిల్ రెండో మలుపు ఎంతకీ తెగని ఎడమ మలుపు, ఎనిమిదోది వేగమైన ఎడమ మలుపు. కుడి ముందు టైరే ఎందుకు పోయిందో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

ఇక దించితే ఏమవుతుందో చూడండి. స్ట్రట్ కారులో కింది ఆర్మ్ దాదాపు అడ్డంగా ఉండాలి, లేదా చక్రం వైపు కాస్త కిందికి వాలి ఉండాలి. రెండంగుళాలు దించితే అది చక్రం వైపు పైకి లేస్తుంది. అప్పుడు అణిగినకొద్దీ క్యాంబర్ పెరగాల్సింది పోయి తగ్గడం మొదలవుతుంది. కారు బరువు కేంద్రం రెండంగుళాలు దిగితే, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగిందంటే ఒరగడానికి దొరికే మీట పొడుగైనట్టే. కారు నేలకి దగ్గరైనా, ఒరుగుడు మాత్రం స్ప్రింగుల మీద ఇంకా ఎక్కువ భారం వేస్తుంది. బాల్‌జాయింట్లు మార్చి దీన్ని సరిచేయొచ్చు, కానీ మీకు ఆ అవసరమే రాకూడదని నా కోరిక. నా కారు ఇప్పుడు ఫ్యాక్టరీ ఎత్తు కన్నా 20 మిల్లీమీటర్లే కింద ఉంది.

మరి ఏం చేయాలి? ముందు చక్రాల దగ్గర స్ట్రట్‌నీ హబ్‌నీ కలిపే బోల్టులు రెండేసి ఉంటాయి. వాటిలో ఒకదాని స్థానంలో క్యాంబర్ బోల్టు పెడితే ఒకటి, ఒకటిన్నర డిగ్రీల నెగెటివ్ క్యాంబర్ వస్తుంది. జత ముప్పై నలభై డాలర్లు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది: బోల్టుతో వాల్చినప్పుడు చక్రం పైభాగం స్ట్రట్‌కి దగ్గరవుతుంది, వెడల్పు టైర్లున్నవాళ్లు మధ్యలో చోటుందో లేదో చూసుకోవాలి. పైన మౌంటు దగ్గర వేసే క్యాంబర్ ప్లేట్లతో ఈ చిక్కు లేదు, స్ట్రట్టూ చక్రమూ కలిసే వాలతాయి. ఖర్చు ఎక్కువ, రోడ్డు మీద కాస్త శబ్దం కూడా. నేను చివరికి ప్లేట్లకే వెళ్లాను. ముందు మైనస్ 2.8 డిగ్రీలు, వెనక మైనస్ 2 దగ్గర ఉంచాను. వెనక ఫ్యాక్టరీ ఆర్ములతో టో మాత్రమే మార్చగలం, క్యాంబర్ మార్చాలంటే సర్దుకునే ఆర్ములు కొనాలి. మీకు వాటితో ఇప్పుడు పని లేదు. టో ముందు సున్నా, వెనక కొద్దిగా లోపలికి. క్యాంబర్ ఎక్కువైతే రోజూ ఆఫీసుకి తిరిగేటప్పుడు టైర్లు తినేస్తుందని భయపడతారు. టైరును గబగబా తినేది ప్రధానంగా టో. టో సరిగ్గా పెట్టుకుని, ఇంత క్యాంబర్‌తోనే నేను ఏళ్ల తరబడి ఇక్కడి 880 హైవే మీద తిరుగుతున్నాను.

కాయిలోవర్లు తీసేసి పాత ఫ్యాక్టరీ షాకబ్జర్లు మళ్లీ పెట్టి, క్యాంబర్ బోల్టులు వేసి, అలైన్‌మెంట్ చేయించి వెళ్లిన రోజు 2:18 వచ్చింది. అవే టైర్లు, నడిపింది కూడా నేనే.

ఆ తర్వాతే టైర్ల సంగతి. మీ కారుతో వచ్చినవి 215/45 ఆర్17 మిషెలిన్ ప్రైమసీలైతే అవి హాయిగా ప్రయాణించడానికి చేసినవి. 200 ట్రెడ్‌వేర్ టైర్లకి (ఈ అంకె తక్కువైతే సాధారణంగా రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ) మారితే సెకన్లే తగ్గుతాయి. దానితోపాటు బ్రేకు ద్రవం మార్చండి, ఇది వాయిదా వేయొద్దు. ముందు టైరు పట్టడం మొదలయ్యాక మలుపు దగ్గరికి మరింత వేగంతో వస్తారు. డాట్ 4 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఎప్పుడో మార్చిన ద్రవంతో వెళ్తే పెడల్ మెత్తబడి నేలకి దిగిపోతుంది. మీ 2,000లో క్యాంబర్, అలైన్‌మెంట్, ద్రవం, మంచి ప్యాడ్లు, టైర్లు అన్నీ దాదాపు సరిపోతాయి.

షాకబ్జర్లు ఎప్పుడు మార్చాలన్న దానికి వస్తాను. మీది లిమిటెడ్ మోడల్, పర్ఫార్మెన్స్ ప్యాకేజీతో ఉన్నదైతే బ్రెంబో బ్రేకులతోపాటు శాక్స్ షాకబ్జర్లు కూడా ఇచ్చారు. ఒకసారి కాగితాలు చూసుకోండి. లేకపోయినా ఫ్యాక్టరీవి చెడ్డవేమీ కావు. మంచి టైర్లు వేశాక కారు ఒరగడం మరీ ఎక్కువై, ఎడమ నుంచి కుడికి మార్చినప్పుడు బాడీ ఆలస్యంగా వస్తున్నట్టు తెలుస్తుంది. అప్పుడు మార్చండి. ఫ్యాక్టరీ షాకబ్జర్ల మీద గట్టి స్ప్రింగులు మాత్రం పెట్టకండి. కుదించుకున్న గట్టి స్ప్రింగు తిరిగి విసురుగా తెరుచుకుంటుంది, దాన్ని ఆపే రీబౌండ్ పట్టు పాత షాకబ్జర్‌కి ఉండదు, కారు ఊగుతూనే ఉంటుంది.

స్ప్రింగు అంకెలు చూసి మోసపోవడం కూడా మామూలే. పెట్టె మీద ముందూ వెనకా 6 కేజీ/మి.మీ. అని ఉంటే రెండు వైపులా ఒకే గట్టిదనం అనుకుంటాం. చక్రం దగ్గర అలా ఉండదు. మన కారులో వెనక చక్రం ఒక అంగుళం కదిలితే స్ప్రింగు సుమారు ముప్పావు అంగుళమే కదులుతుంది. చక్రం దగ్గర తెలిసే గట్టిదనానికి ఆ నిష్పత్తి వర్గంతో గుణించాలి: 0.75ని 0.75తో గుణిస్తే 0.56, కాబట్టి 6 కాస్తా 3.4 అవుతుంది. ముందు స్ట్రట్ చక్రంతోపాటే దాదాపు పూర్తిగా కదులుతుంది, అక్కడ 6 చాలావరకు 6గానే ఉంటుంది. రోడ్డు మీదా ట్రాక్ మీదా నడిపే కారుకి ముందు 5 లేదా 6, వెనక దానికి సమానం లేదా ఒకటి ఎక్కువ చాలు. అమ్మేవాళ్లు ముందుంచే 8, 10 చూసి ఆశపడొద్దు. థండర్‌హిల్‌లో ట్రాక్ అంచున ఉండే కర్బుల మీద అంత గట్టి కారు గాల్లోకి లేస్తుంది, గాల్లో ఉన్న టైరు దేన్నీ పట్టుకోదు.

బిగించేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. కారు జాకీ మీద ఉండగా, చక్రాలు వేలాడుతుండగా ఆర్ముల బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. ఆ రబ్బరు బుష్షులు లోపల గొట్టానికి అతుక్కుని ఉంటాయి, అవి తిరగవు, మెలి తిరుగుతాయంతే. వేలాడే స్థితిలో బిగిస్తే కారు కిందికి దిగాక ఎప్పుడూ మెలిపడే ఉంటాయి. త్వరగా చిరుగుతాయి, కారు ఎత్తు కూడా తప్పు చూపిస్తుంది. వదులుగా పెట్టి, చక్రాల మీద బరువు పడ్డాక బిగించాలి. ఆ తర్వాత కొన్ని రోజులు నడిపి, స్ప్రింగులు కుదురుకున్నాకే అలైన్‌మెంట్‌కి వెళ్లండి. కార్నర్ వెయిట్లు, అంటే ఒక్కో చక్రం మీద పడే బరువు తూచి సర్దడం, చేయిస్తే డ్రైవరు సీట్లో మీ అంత బరువు పెట్టించండి, తూచేముందు స్వే బార్ (కారు ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) లింకులు విప్పించండి, లేకపోతే బార్ మెలికే అంకెల్ని మార్చేస్తుంది.

సర్దుకునే షాకబ్జర్ల మీద గట్టిదనం మార్చే క్లిక్కుల నాబ్ గురించి ఒకే మాట. అన్నీ మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. ఒక సెషన్ ముందువాటిని పూర్తిగా వదులు చేసి, తర్వాతి సెషన్ బాగా గట్టి చేసి నడపండి. తేడా ఎక్కడ ఉందో నడుముకి తెలిసిపోతుంది. రీబౌండ్ మరీ గట్టిగా ఉంటే వరుస గతుకుల్లో చక్రం పూర్తిగా కిందికి రాకముందే తర్వాతి గతుకు వచ్చేస్తుంది, కారు మెల్లగా కిందికి కుంగుతూ పోతుంది. ఏదైనా సరే ఒక సెషన్‌కి ఒకటే మార్చండి, పుస్తకంలో రాసుకోండి.

మీరు కొనాల్సిన అసలైన పనిముట్టు సూది ఉన్న టైరు పైరోమీటర్, అంటే రబ్బరు లోపలి వేడి కొలిచే పరికరం. పైపైన చూసే ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ వద్దు, టైరు పైపొర పిట్‌లోకి వచ్చేలోపే చల్లారిపోతుంది. లోపలికి రాగానే ప్రతి టైరుకీ లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా సూది గుచ్చి చూడండి. లోపల బయటికన్నా 10 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ ఉంటే క్యాంబర్ కుదిరినట్టు. బయటే వేడిగా ఉంటే ఇంకా వాల్చాలి. మధ్యభాగం ఒక్కటే వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది. వేడెక్కాక గాలి ఆరు నుంచి ఎనిమిది పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడే ఆ మేరకు తగ్గించి పెట్టండి.

క్యాంబర్ బోల్టు బిగించాక తల మీద నుంచి స్ట్రట్ మీదికి పెయింటుతో ఒక గీత గీయండి. ప్రతి సెషన్ తర్వాత వంగి చూడండి, గీత విడిపోతే బోల్టు జారింది, ఆ రోజుకి ఆపేయాలి. చక్రాల నట్టులు 120 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచితో, ప్రతి సెషన్‌కీ. ఈ నెలలో అలైన్‌మెంట్ చేయించుకుంటే దాని ప్రింటూ, మొదటి మూడు సెషన్ల టైరు వేడి అంకెలూ పంపండి. వెనక ఆర్ములు మీకు కావాలో అక్కర్లేదో ఆ అంకెలు చూసి చెబుతాను.