మేనకోడలికి, వెండి రజను గురించి

అమ్మడూ,

వెండి నానో రేణువులు ఎంత వేడికి కరుగుతాయో తేల్చే పనిలో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కంసాలి ఇంటి పిల్ల తిరిగి వెండి దగ్గరికే చేరిందని మురిసిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

తాతయ్య కుంపటి నువ్వు చూడలేదు. చిటికెడు ఆకురాయి రజను, కాస్త వెలిగారం మూసలో వేస్తే ముద్దకన్నా ముందే కరిగిపోయేది. "సన్నది కదరా, త్వరగా కరుగుతుంది" అనేవారు మీ తాతయ్య. త్వరగా కరగడం వేరు, తక్కువ వేడికి కరగడం వేరు. అది నా బుర్రకెక్కడానికి ఎమ్మెస్సీ దాకా పట్టింది, అదీ పరువు పోయాక.

ప్రాజెక్టులో బెంజోయిక్ ఆమ్లం ఇచ్చారు. స్ఫటికాలు పుస్తకంలో ఉన్నట్టే 122 డిగ్రీలకు కరిగాయి. కల్వంలో మెత్తగా నూరిన పొడి 117 దగ్గరే జారిపోయింది. ఇంకేముంది, 1909లో పావ్లోవ్ అనే శాస్త్రవేత్త చెప్పిన సిద్ధాంతం నా చేతిలోనే రుజువైందనుకున్నాను. రేణువు చిన్నదయ్యేకొద్దీ పైపొరలో ఉండే అణువుల వాటా పెరుగుతుంది, వాటిని పట్టి ఉంచే పొరుగు అణువులు తక్కువ, కాబట్టి తక్కువ వేడికే విడిపోతాయి. ఇదంతా రిపోర్టులో దర్జాగా రాశాను. వైవాకి వచ్చినాయన అడిగింది ఒకటే: "సైజెంత?" నేను కొలవనే లేదు. నూరిన పొడి మైక్రాన్లలో ఉంటుంది, ఆ సైజుకి తగ్గేది డిగ్రీలో ఏ కొసరో. మరి ఐదు డిగ్రీలు ఎక్కడివి? బస్సులో తిరిగొస్తుంటే తట్టింది. స్ఫటికాలు రెండు రోజులు తేమ లాగేసే డెసికేటర్‌ పాత్రలో ఆరాయి. నూరింది ఆ పొద్దున వడగట్టిన తడి సరుకు. కరుగుడును దించింది ఆ నీళ్లు. రెండు మార్పులు ఒకేసారి చేసి, ఒకదానికే పేరు పెట్టాను, వెధవని!

నీది నిజంగా నానోమీటర్ల వ్యవహారమే. 1954లో తకాగి సీసం, తగరం, బిస్మత్ పలుచని పొరల్లో ఈ తగ్గుదల చూపించాడు. 1976లో బుఫా, బొరెల్ బంగారంలో కొలిచారు. ముద్ద బంగారానికి 1064 డిగ్రీలు కావాలి. రెండు మూడు నానోమీటర్ల రేణువులు వందల డిగ్రీల ముందే కరిగాయి. రేణువు వ్యాసం సగమైతే తగ్గుదల దాదాపు రెట్టింపు.

అందుకే ముందు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో సైజు చూడు, ఆ తర్వాతే గ్రాఫు. మొదటిసారి వేడిచేసినప్పుడు వచ్చిన అంకెనే నమ్ము. కరిగిన రేణువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, రెండోసారి నువ్వు కొలిచేది వేరే సరుకు. వెండి సిరా 150 డిగ్రీలకు అతుక్కుంటే కరిగిందని రాసేయకు, అది సింటరింగ్, అంటే కరగకుండానే రేణువులు ఒకదానికొకటి అంటుకుపోవడం. రేణువుల మీది సేంద్రియ పూత కాలినా డీఎస్సీలో, అదే పదార్థం పీల్చే, వదిలే వేడిని గ్రాఫుగా గీసే యంత్రంలో, శిఖరం వస్తుంది, తొందరపడితే దాన్నే కరుగుడు అనుకుంటావు. పొడి ఆరాక మాస్కు లేకుండా సీసా మూత తీశావని తెలిస్తే ఊరుకోను. తిండి మానేసి ల్యాబ్‌లో కూర్చున్నా అంతే.

సంక్రాంతికి వస్తావుగా. ఆ రిపోర్టు ఇంకా బీరువాలోనే ఉంది. పక్కన ఆ వైవా ఆయన ఎర్ర సిరాతో పెట్టిన ప్రశ్నార్థకం వెలిసిపోయింది కానీ, కనబడుతోంది.

మీ మామయ్య