నాలుగు పనులు, ఒక చీటీ

ప్రశ్న: కర్నూలులోని మా విత్తనాల దుకాణంలో లెక్కలు రాసే కుర్రవాడికి ఆటిజం ఉంది. పద్దుల్లో పైసా తేడా రానివ్వడు గానీ, నోటితో నాలుగు పనులు ఒకేసారి చెబితే బిగుసుకుపోతాడు. ఏం చేయాలి?

జవాబు: అటువంటి గుమాస్తాను వదులుకోకండి. ఏ పని ముందో, ఎప్పటికి కావాలో చీటీ మీద వరుసగా రాసివ్వండి. "కాస్త తొందరగా" అనకుండా "మధ్యాహ్నం 3 గంటలకల్లా" అనండి. అతని కుర్చీ రోడ్డు వైపు ఉంటే, మనం పట్టించుకోవడమే మానేసిన ఆటోల హారన్లు అతనికి ఒక్కొక్కటీ విడిగా చెవిలో గుచ్చుకుంటూ ఉండవచ్చు గనుక, లోపలి గదిలో కూర్చుంటాడేమో అతన్నే అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. దివ్యాంగులకు పనిలో సమాన అవకాశాలు ఎలా ఇస్తామో తెలిపే విధానాన్ని ప్రకటించాలన్న ఆ చట్టపు నిబంధన ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. అతనికి ఆటిజం ఉందన్న సంగతి అతని అనుమతి లేకుండా తోటివారికి మాత్రం చెప్పకండి.