కంపెనీ పరీక్షలో పాసైతే సరిపోతుందా?

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, నాకు 43 ఏండ్లు. జడ్చర్ల దగ్గర ఇంజెక్షన్లు తయారుచేసే కంపెనీలో విజువల్ ఇన్‌స్పెక్షన్‌ల పని. జీతం 21 వేలు దాటినంక ఈఎస్ఐ పోయి, గ్రూప్ మెడిక్లెయిం కార్డు వచ్చింది. దగ్గరి అక్షరాలు మసకగా ఉన్నయని మహబూబ్‌నగర్‌ల అద్దాలు చేయించుకున్న. బిల్లు పెడితే ఇన్సూరెన్స్ వాళ్లు రాదన్నరు. మరి కండ్లకు ఆ కార్డు దేనికి? కంపెనీల ఎట్లాగూ కంటి పరీక్ష చేస్తరు, ప్రతిసారీ పాసైతున్న. వేరే పరీక్ష అవసరమా? మా నాయినకు నీటికాసులతో ఒక కన్ను పోయింది.
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: తమ్ముడూ, మీరు ఆఖర్న రాసిన మాటే నన్ను కంగారు పెట్టింది. తండ్రికి నీటికాసులు, అంటే గ్లకోమా ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ. మీరే కాదు, మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా చూపించుకోవాలి. నాన్నగారి రెండో కంటికి చుక్కలమందు ఆపకుండా వేస్తున్నారో లేదో ఈ రోజే కనుక్కోండి.

కంపెనీ పరీక్ష మందు నాణ్యత కోసం పెట్టింది. వయల్‌ను, అంటే ఇంజెక్షన్ మందు సీసాను, నల్లబోర్డు ముందు, తెల్లబోర్డు ముందు తిప్పి చూసి సన్నటి నూలుపోగునో గాజురవ్వనో పట్టుకోవాలి కాబట్టి మీ చేత చార్టు చదివిస్తారు, రంగులు చూపిస్తారు. అదంతా నడిమి చూపు. నీటికాసులు సాధారణంగా పక్కచూపును ముందు తినేస్తాయి, అదీ నొప్పి లేకుండా. "పక్కనుంచి వచ్చిన ఆటో కనపడలేదమ్మా" అంటూ వచ్చినవాళ్లు నా ముందు కూర్చుని చార్టు కింది వరుస దాకా గడగడా చదివేశారు. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదాన్ని మాత్రం చుక్కలమందుతోనో, లేజర్‌తోనో, ఆపరేషన్‌తోనో కాపాడుకోవచ్చు.

అద్దాల షాపులో మిషన్‌కు గడ్డం ఆనించి నంబరు చూసుకోవడం కూడా నీటికాసులను పట్టే పరీక్ష కాదు. మీ మసకకు చత్వారమే కారణం కావచ్చు, మీ వయసుకు అది సహజం. కానీ డాక్టరు కంటి ఒత్తిడి కొలవాలి, చుక్కలు వేసి వెనకనున్న నరాన్ని చూడాలి, పక్కచూపుకు ఫీల్డ్ టెస్ట్ చేయాలి. ఒత్తిడి ఒక్కటే చూసి బాగుందని పంపేస్తే ఒప్పుకోకండి. ఒత్తిడి మామూలుగా ఉన్నా నరం దెబ్బతినేవాళ్లున్నారు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో మొదలుపెట్టండి. ఫీల్డ్ టెస్ట్ అక్కడ కుదరకపోతే హైదరాబాద్ మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. చుక్కలు వేశాక కొన్ని గంటలపాటు దగ్గరివి కనపడవు, ఎండకు కళ్లు తెరవలేరు. ఆ రోజు బండి నడపొద్దు, డ్యూటీ పెట్టుకోవద్దు. బాగానే ఉందంటే ఆ తర్వాత ఏడాదికోసారి. షుగర్ ఉందని తేలితే రెటీనా కోసం కూడా ఏటా వెళ్లక తప్పదు.

ఇక కార్డు సంగతి. గ్రూప్ మెడిక్లెయిం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. మోతిబిందు ఆపరేషన్ ఒక్క పూటదే అయినా డేకేర్ కింద ఇస్తారు, చాలా పాలసీల్లో దానికీ ఒక పరిమితి ఉంటుంది. అద్దాలు, ఓపీ ఫీజు మామూలుగా రావు. సైటు పోవడానికి చేసే లేజర్ కూడా అద్దాల నంబరు 7.5 (డయాప్టర్లు) లోపు ఉంటే రాదు. మీ బిల్లు తిరగ్గొట్టింది ఈ నిబంధనల ప్రకారమే అయ్యుంటుంది. అయినా పొద్దస్తమానం కళ్లతోనే పని చేయించుకునే కంపెనీ ఆ కళ్ల పరీక్షకు ఖర్చు పెట్టకపోవడం నాకు న్యాయంగా తోచదు.

ఓపీ కవర్‌ను కంపెనీ విడిగా కొనవచ్చు. పాలసీ ఏటా రెన్యువల్ అవుతుంది కదా, అంతకు రెండు నెలల ముందే హెచ్ఆర్‌కు దరఖాస్తు ఇవ్వండి. మీరొక్కరే ఇస్తే పక్కన పడేస్తారు, సెక్షన్ మొత్తం సంతకాలు పెట్టండి. అందులో ఓపీ ఫీజు, ఏడాదికోసారి కంటి పరీక్ష, అద్దాలు అని మూడూ విడివిడిగా రాయండి. ‘కంటి వైద్యం’ అని ఒక్క ముక్కలో రాస్తే ఆపరేషన్లు ఇప్పటికే ఉన్నాయి కదా అని కాగితం తిప్పి పంపుతారు.