ఫ్రెషర్‌కి ఐసీయూ ఇవ్వరా: బెంగళూరులో ఉన్న చెల్లికి సమాధానం

చెల్లీ, కర్నూల్లో బీఎస్సీ నర్సింగ్ అయిపోయి బెంగళూరు వచ్చి రెండు నెలలైంది, ఐసీయూ అంటే అందరూ ఎక్స్‌పీరియన్స్ అడుగుతున్నారు అన్నావు కదా, నాకూ అదే జరిగింది. ముందు నీ ఏపీ నర్సింగ్ కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లెటర్) తీస్కొని కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కి పెట్టు, లేట్ చెయ్యకు. గుండె ఆగిన పేషెంట్‌ని కాపాడటం నేర్పే బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ కోర్సులు రెండూ చేసెయ్, కార్డు 2 ఏళ్లే పనిచేస్తుంది కాబట్టి ఇంటర్వ్యూలకి తిరిగే టైంలోనే చెయ్యి.

నేరుగా ఐసీయూ రాకపోతే హెచ్‌డీయూ (ఐసీయూకి, వార్డుకి మధ్య స్థాయి యూనిట్) గానీ ఎమర్జెన్సీ గానీ అడుగు, అక్కడ్నుంచి ఐసీయూలోకి మారడం ఈజీ, నేను అలాగే వెళ్లా. వార్డు ఇచ్చినా కాదనకు.

ఇంటర్వ్యూలో ఎక్కువగా అడిగేది ఏబీజీ (ధమని రక్తంలో ఆక్సిజన్, ఆమ్లత్వం చూసే టెస్టు), వెంటిలేటర్ అలారాలు, ఇన్‌ఫ్యూజన్ (నరంలోకి మెల్లగా ఎక్కించే మందు) లెక్కలు. బీపీ పెంచే మందు నోర్‌అడ్రినలిన్ 4 మిల్లీగ్రాములు 50 ఎంఎల్ సిరంజిలో ఉంటే ఎంఎల్‌కి 80 మైక్రోగ్రాములు, ఇక్కణ్నుంచి పేషెంట్ బరువుకి రేటు కట్టడం పేపర్ మీద రోజూ చెయ్యి. వెంటిలేటర్ హై ప్రెషర్ అలారం మోగితే ఏం చేస్తావంటే ముందు సైలెన్స్ నొక్కుతా అనకు తల్లీ, పేషెంట్‌ని చూస్తా, ఆక్సిజన్ సాచురేషన్ చూస్తా, శ్వాస ట్యూబ్ మడతపడిందా, కొరుకుతున్నారా, కఫం లాగే సక్షన్ కావాలా చూస్తా అని చెప్పు, సీనియర్లు వినాలనుకునేది అదే.

కన్నడ కొంచెం నేర్చుకో, ట్యూబ్ తీసిన పేషెంట్‌ని "నోవిద్యా" (నొప్పి ఉందా) అని అడిగితే వాళ్ల మొహం మారిపోతుంది. ఒక ఏడాది అనుభవం వచ్చాక క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు కూడా ఉంది, 2 ఏళ్ల రెసిడెన్సీ. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరడిగినా ఇవ్వొద్దు, నావి ఒకచోట ఇరుక్కుపోయి చాలా ఏడ్చా.