చేవెళ్ల వైపు పాత ఫామ్‌హౌస్‌లో రాత్రిపూట వినిపించే చప్పుళ్లు దయ్యాలవేనా?

కాదు. పగలంతా ఎండకి కాగిన దూలాలు, రేకులు రాత్రి చల్లబడి ముడుచుకుంటూ టక్ టక్‌మంటాయి, నిద్రమత్తులో అది అచ్చం ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది. చూరులోంచి కీచుమని అరుపు వస్తే చాలాసార్లు గుడ్లగూబే, కింద గోడవారగా ఎలుక బొచ్చు, ఎముకలు కలిసిన ఉండలు పడి ఉంటాయి చూడండి.

నాకు అసలు టెన్షన్ జనరేటర్, బొగ్గుల కుంపటి గురించే. తలుపులు మూసిన ఇంట్లో వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, తల పగిలిపోతుంది, కడుపులో తిప్పుతుంది, లేనివి కూడా కనిపించొచ్చు. 1921లో అమెరికాలో విల్మర్ అనే కంటి డాక్టరు ఇలాంటి ‘దయ్యాల ఇల్లు’ గురించే రాశారు, తీరా చూస్తే కారణం ఇల్లు వేడిచేసే పాడైపోయిన పొయ్యి! ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి వస్తే భూతవైద్యుణ్ణి వెతక్కండి, ముందు అందరూ బయటికి వచ్చి 108కి ఫోన్ చేయండి.