టెక్ సందేహాలు: అడాప్టర్ ఆంపియర్లు, వేడెక్కే ఎక్స్‌టెన్షన్ బాక్సు

ప్రశ్న: మా వైఫై రూటర్ అడాప్టర్ పోయింది. దాని మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. గవర్నర్‌పేటలో అడిగితే 12 వోల్టులే గానీ 2 ఆంపియర్లది ఇచ్చారు. కరెంటు రెట్టింపు వెళ్లి రూటర్ కాలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: నిశ్చింతగా వాడుకోండి. అడాప్టర్ మీద రాసిన ఆంపియర్లు అది గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో చెబుతాయి, అంతే. రూటర్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు తీసి రెండు వేల లీటర్లది పెట్టించినా, నీటి ఎత్తు మారకపోతే కుళాయి ధార పెరగదు కదా! ఆ ఎత్తు లాంటిది వోల్టేజి. తేడా రాకూడనిది అదే. పిన్ను పట్టింది కదా అని 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే రూటర్ దెబ్బతినొచ్చు. అర ఆంపియర్ అడాప్టర్ అయితే అదే వేడెక్కిపోతుంది, రూటర్ మాటిమాటికీ ఆగి ఆన్ అవుతుంటుంది. చాలామంది దాన్ని నెట్ సమస్య అనుకుంటారు.

పెట్టేముందు ఒక్కటి చూడండి. లేబుల్ మీద మధ్యలో చుక్క, చుట్టూ సగం వలయం, అటూ ఇటూ ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి. చుక్కకు కలిసిన గీత పాతదాంట్లో ప్లస్ వైపు ఉంటే కొత్తదాంట్లోనూ ప్లస్ వైపే ఉండాలి.

ప్రశ్న: 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌ని కన్వర్షన్ ప్లగ్‌తో (పెద్ద పిన్నుల ప్లగ్గుని చిన్న సాకెట్‌కి పట్టించేది) 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెడుతున్నాం. బాక్సు బాగా వేడెక్కుతోంది, కానీ ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్) పడట్లేదు. సేఫే కదా సార్?
– ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదు. ముందు ఆ బాక్సు తీసేయండి. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు కాబట్టి, మీ స్టవ్ ఫుల్ మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. మీ బాక్సు మోయగలిగింది 1380 వాట్లే. పైగా వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 6 నుంచి 8.7కి వెళ్లేసరికి వేడి రెట్టింపు దాటిపోతుంది. లోపలి రేకులు వదులైతే అక్కడ కరెంటుకు అడ్డు (రెసిస్టెన్స్) పెరిగి, ఆ ఒక్క చోటే ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కరగడం మొదలవుతుంది.

ఎంసీబీ పడకపోవడం చూసి ధైర్యపడకండి. అది కాపాడేది గోడలోని వైరింగుని. 16 ఆంపియర్ల ఎంసీబీకి 8.7 మామూలు లోడే, మీ బాక్సు సంగతి దానికి తెలియదు. స్టవ్‌ని నేరుగా గోడకున్న 16 ఆంపియర్ల పవర్ సాకెట్‌కే పెట్టండి. అది లేకపోతే ఓనర్‌తో మాట్లాడి లైను వేయించుకోండి. రంగు మారిన బాక్సుని ఫోన్ ఛార్జింగ్‌కి కూడా ఉంచుకోవద్దు.