పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: వడగాలుల హెచ్చరికను ఎలా అర్థం చేసుకోవాలి?

మైదాన ప్రాంతాల ఎండల గురించి, వాతావరణ శాఖ ముందుగా ఇచ్చే అంచనాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న (ఖమ్మం నుంచి): మా ఊళ్లో 43 డిగ్రీలు నమోదైన రోజున కూడా వడగాలులు వీచినట్లు ప్రకటించలేదు. అదే వారంలో విశాఖ వైపు అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతకే హెచ్చరిక ఇచ్చారు. ఈ తేడా ఎందుకు?

సమాధానం: భారత వాతావరణ శాఖ కొలమానం ఎండ ఎంత ఉందన్న దానితో పాటు, ఆ ప్రాంతానికి ఆ తేదీల్లో ఉండవలసిన సాధారణ ఉష్ణోగ్రత (ఎన్నో ఏళ్ల సగటు) కన్నా ఎంత పెరిగిందన్న దాన్ని కూడా చూస్తుంది. మైదానాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కన్నా 4.5 నుంచి 6.4 డిగ్రీల వరకు ఎక్కువగా ఉంటే వడగాలులని, అంతకు మించితే తీవ్ర వడగాలులని అంటారు. తీరప్రాంతాల్లో 37 డిగ్రీలు దాటి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు పెరిగితే చాలు. ఈ లెక్కతో సంబంధం లేకుండా 45 డిగ్రీలకు చేరితే వడగాలులు, 47కు చేరితే తీవ్ర వడగాలులు. పైగా ఒక వాతావరణ ఉపవిభాగంలో (అంటే వాతావరణ శాఖ ఒకటిగా లెక్కించే కొన్ని జిల్లాల ప్రాంతంలో) కనీసం రెండు కేంద్రాల్లో, వరుసగా రెండు రోజులు ఈ పరిస్థితి ఉన్నప్పుడే రెండో రోజున ప్రకటన వెలువడుతుంది.

మే నెలలో 42 డిగ్రీలు మామూలుగా ఉండే గోదావరి లోయ పట్టణాల్లో 43 అన్నది సాధారణానికి దగ్గరి అంకే. ఆ ప్రాంత ప్రజలకు ఆ ఎండ కొంత అలవాటై ఉంటుందన్న ఆలోచన ఈ పద్ధతి వెనుక ఉంది. అయితే 43 డిగ్రీల ఎండలో ఇటుక బట్టీ దగ్గర పనిచేసే మనిషికి ఆ సగటు ఏ రక్షణా ఇవ్వదు. ప్రకటన రాలేదు కనుక ప్రమాదం లేదని అనుకోవడం మాత్రం సరికాదు.

ప్రశ్న (ఒంగోలు నుంచి): పక్కనే సముద్రం ఉంది. ఏప్రిల్‌లో ఫర్వాలేదనిపించిన ఎండ మే చివరికి వచ్చేసరికి భరించలేనంతగా మారుతోంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాటకు శాస్త్రీయ ఆధారం ఉందా? తుఫాను వస్తోందని చెప్పిన రోజుల్లో కూడా ఎండ పెరగడం చూశాం. కారణం ఏమిటి?

సమాధానం: మీ ప్రశ్నలోని మూడు విషయాలకూ మూలం గాలి వచ్చే దిక్కే. వేసవిలో ఉదయం నుంచి నేల వేడెక్కుతుంటే, పైకి లేచే గాలి స్థానంలోకి మధ్యాహ్నానికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. తీరంలోని ఊళ్లను కాపాడేది ఆ గాలే. అది పదకొండు గంటలకు వచ్చిన రోజుకూ, మూడు గంటలకు వచ్చిన రోజుకూ గరిష్ఠ ఉష్ణోగ్రతలో ఎంతో తేడా ఉంటుంది.

మే చివరి నాటికి ద్వీపకల్పం మీద పడమటి గాలులు బలపడతాయి. అవి పడమటి కనుమల దగ్గర తేమను చాలా వరకు వదిలేసి, దక్కన్ పీఠభూమి మీద కాగి, తూర్పు కనుమలు దిగి ఒంగోలు, బాపట్ల, మచిలీపట్నం వైపు వస్తాయి. ఎత్తు నుంచి కిందికి దిగే గాలి ఒత్తిడికి లోనై మరింత వేడెక్కుతుంది. అది సముద్రపు గాలిని లోపలికి రానివ్వదు. ఏప్రిల్, మే మొదట్లో కర్నూలు, నంద్యాల, అనంతపురం ప్రాంతాలు మండిపోతే, మే చివరలోనూ, రుతుపవనాలు ఆలస్యమైతే జూన్‌లోనూ ఆ వంతు కోస్తాకు వచ్చేది ఇందుకే. సూర్యుని గమనాన్ని బట్టి లెక్కించేవి కనుక కార్తెల తేదీలు ఏటా దాదాపుగా మారవు. రోహిణి మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటి వారం దాటే వరకు ఉంటుంది. విజయవాడ అక్షాంశం మీద సూర్యుడు నడినెత్తికి వచ్చేది మే మొదటి వారంలోనే అయినా, నేల కాగి, గాలి దిక్కు మారే సరికి రోహిణి వస్తుంది. అంటే తరతరాలుగా గమనించి చెప్పిన ఆ మాట కోస్తా వాతావరణానికి చక్కగా సరిపోతుంది.

ఇక తుఫాను సంగతి. బంగాళాఖాతంలో తుఫాను చుట్టూ గాలులు గడియారపు ముల్లుకు ఎదురు దిక్కులో తిరుగుతాయి. అది తీరానికి దూరంగా ఉండి ఈశాన్యంగా కదిలిపోతే, దానికి పడమర వైపున ఉన్న మనకు వాయవ్యం నుంచి, అంటే నేల మీద నుంచి పొడి గాలి వస్తుంది. మేఘాలు, తేమ తుఫానుతో పాటే వెళ్లిపోతాయి. 2003 మే నెలలో బంగాళాఖాతంలో తిరిగి చివరికి మయన్మార్ వైపు వెళ్లిన తుఫాను తరువాత సరిగ్గా ఇదే జరిగింది. ఆ వేసవిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా మరణించారు. కనుక తుఫాను వార్త విన్నప్పుడు అది ఎటు వెళుతోందో కూడా తెలుసుకోవాలి.

ప్రశ్న (కర్నూలు నుంచి): ఫోన్‌లో 46 అని, వార్తల్లో 42 అని చెబుతున్నారు. ఏది నిజం?

సమాధానం: వాతావరణ కేంద్రంలో ఉష్ణమాపకాన్ని గాలి ఆడే తెల్లని చెక్క పెట్టెలో, నేలకు మనిషి ఛాతీ ఎత్తున, నీడలో ఉంచి కొలుస్తారు. వార్తల్లోని అంకె అదే. ఫోన్‌లో కనిపించేది చాలాసార్లు కంప్యూటర్ అంచనా, లేదా తేమను కూడా కలిపి లెక్కించిన ‘శరీరానికి తోచే’ వేడి. ఎండలో నిలబడిన మనిషి అనుభవించే వేడి ఈ రెండింటి కన్నా ఎక్కువగా ఉండవచ్చు.

ప్రశ్న (గుంటూరు నుంచి): ఈ వేసవి తీవ్రంగా ఉంటుందని ఏప్రిల్ మొదట్లోనే చెబుతారు. మధ్యలో వానలు పడి చల్లబడుతుంది. ఇలాంటి అంచనాను ఎంతవరకు నమ్మవచ్చు?

సమాధానం: సీజన్ అంచనా చెప్పేది ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల సగటు సాధారణం కన్నా ఎక్కువగా ఉండే అవకాశం ఎంత అన్నదే. ఏ వారంలో ఎండ ముదురుతుందో, ఏ సాయంత్రం ఉరుములతో వాన పడుతుందో అది చెప్పలేదు. ఒక్క గాలివానకు గరిష్ఠ ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పడిపోవచ్చు. అలాంటి వానలు నాలుగు పడినంత మాత్రాన అంచనా తప్పినట్లు కాదు. బలమైన ఎల్‌నినోల (పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలు కన్నా వేడెక్కే స్థితి) తరువాత వచ్చిన 1998, 2016 వేసవులు దేశంలో చాలా కఠినంగా గడిచాయి. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదిలో 51 డిగ్రీలు నమోదైంది. ఈ సంబంధం వల్లనే ముందస్తు అంచనా సాధ్యమవుతోంది.

పంచాయతీలు తాగునీటికి, చలివేంద్రాలకు ఏర్పాట్లు చేసుకోవడానికి సీజన్ అంచనా పనికివస్తుంది. వాతావరణ శాఖ ప్రతి గురువారం ఇచ్చే రానున్న వారాల అంచనాను బట్టి వ్యవసాయ పనులు సర్దుకోవచ్చు. ఇంట్లో పెళ్లి, ప్రయాణం, కూలి పని వంటివి నిర్ణయించుకోవడానికి నమ్మదగినది నాలుగైదు రోజుల అంచనా. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ఇచ్చే వడగాలుల జాబితాను ముందురోజు సాయంత్రమే చూసుకోవడం మంచిది.

ప్రశ్న (విజయవాడ నుంచి): పై అంతస్తులో ఉంటాం. రాత్రి రెండింటికి కూడా గోడలు వేడిగానే ఉంటున్నాయి. హెచ్చరికల్లో రాత్రి గురించి చెప్పరెందుకు?

సమాధానం: చెబుతారు. పగలు 40 డిగ్రీలకు తగ్గకుండా ఉండి, రాత్రి కనిష్ఠం సాధారణం కన్నా 4.5 డిగ్రీలు పెరిగితే ‘వేడి రాత్రి’గా ప్రకటిస్తారు. పత్రికలు, టీవీలు దానికి తగినంత చోటు ఇవ్వకపోవడం విచారకరం. పగలు అలసిన గుండె, మూత్రపిండాలు రాత్రి చల్లదనంలోనే తేరుకుంటాయి. ఆ విరామం వరుసగా మూడు నాలుగు రాత్రులు దొరకకపోతే వృద్ధులకు ముప్పు పెరుగుతుంది. డాబాకు తెల్ల సున్నం వేయడం, సాయంత్రం నీళ్లు చల్లడం, పగలు కిటికీలు మూసి రాత్రి తెరవడం కొంత మేలు చేస్తాయి. గది బాగా వేడెక్కినప్పుడు ఫ్యాన్ గాలి ఒక్కటే చాలదు, ఒంటిని తడి గుడ్డతో తుడుచుకుంటూ ఉండాలి.

ప్రశ్న (నల్గొండ నుంచి): అమ్మ ఎండాకాలంలో కూడా మట్టి పనికి వెళుతుంది. వడదెబ్బను ఎలా గుర్తించాలి? ఆ క్షణంలో ఏం చేయాలి?

సమాధానం: 2015 మే నెలలో వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు తెలుగు రాష్ట్రాల వారే. ఎక్కువ మంది కూలీలు, వృద్ధులు. అందుకే మీ ప్రశ్నను అందరూ చదవాలని కోరుతున్నాం.

తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం, కండరాలు పట్టేయడం, విపరీతమైన నీరసం తొలి సూచనలు. ఆ దశలోనే పని ఆపి, నీడకు చేరి, ఓఆర్ఎస్ గానీ ఉప్పు వేసిన మజ్జిగ గానీ తాగితే చాలామంది కోలుకుంటారు. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, నడక తూలినా, ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పినా అది వడదెబ్బే. చెమట ఆగిపోవాలని లేదు. పనిలో ఉన్నవారికి చెమట పడుతూనే వడదెబ్బ తగలవచ్చు. వెంటనే 108కు ఫోన్ చేసి, వాహనం వచ్చే వరకు ఆగకుండా చల్లబరచడం మొదలుపెట్టాలి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి. మంచు దొరికితే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టాలి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్ర ఇక్కడ పనిచేయదు.

పనికి కొత్తగా వచ్చినవారికి, కొన్నాళ్లు మానేసి తిరిగి వచ్చినవారికి ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే శరీరం ఎండకు అలవాటు పడడానికి వారం పది రోజులు పడుతుంది. తొలి రోజుల్లో పని సగానికి తగ్గించాలి. దాహం వేసే దాకా ఆగకుండా ప్రతి పావుగంటకూ, ఇరవై నిమిషాలకూ కొంచెం కొంచెంగా నీళ్లు తాగాలి. రక్తపోటుకు, గుండెకు, మానసిక సమస్యలకు మందులు వాడేవారు వేసవి మొదట్లోనే వైద్యుణ్ని సంప్రదించాలి. మీ అమ్మగారు తెల్లవారుజామునే పని మొదలుపెట్టి పదిన్నర, పదకొండులోపు ఇంటికి చేరేలా మేస్త్రీతో మాట్లాడండి. హెచ్చరిక ఉన్న రోజున తోటి కూలీలందరూ కలిసి అడిగితే వేళలు మార్చుకోవడం తేలికవుతుంది. ఆమెను ఒంటరిగా మాత్రం పనికి పంపకండి, ఎందుకంటే వడదెబ్బ తగిలిన మనిషికి తనకేమవుతోందో తెలియదు, పక్కనున్నవారే గమనించి పట్టుకోవాలి.